అడ్డంగా లాగితే

సోల్వై ఆ ల్యాబ్‌లో చేరి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కేకు తేలేదు.

కేకంటే పుట్టినరోజు కేకు కాదు, తప్పు కేకు. రోస్కిల్డె ఊరి చివర, ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయకి ఎదురుగా ఉన్న ఆ లోహాల ల్యాబ్‌లో ఎవరు పొరపాటు చేస్తే వాళ్ళు మర్నాడు కేకు పట్టుకురావాలి. డెన్మార్క్‌లో చాలాచోట్ల ఉన్న అలవాటే. కొన్నిచోట్ల బీరు పోయిస్తారు, ఇక్కడ కేకు. కొలిమి ఆపకుండా ఇంటికి పోయావా, కేకు. పక్కవాడి కప్పులో కాఫీ తాగేశావా, కేకు. ఒక్కసారి కేకు కోశాక ఆ తప్పు గురించి ఎవరూ సణగకూడదు. నవ్వుకోడానికి మాత్రం ఏ అడ్డూ లేదు, ఏళ్ళ తరబడి నవ్వొచ్చు. నన్నడిగితే ఇంతకంటే బుద్ధిగల అలవాటు ఏ ఆఫీసులోనూ చూడలేదు. కానీ సోల్వైకి మాత్రం అది కంటగింపు. తప్పు చేసి, దానికి పైన చాక్లెట్ పూసి, పళ్ళికిలించడమేమిటని ఆవిడ బాధ.

"ఏమమ్మా సోల్వై, నీ చేతి కేకు తినకుండానే నేను రిటైరయిపోతానా?" అని వారానికోసారైనా అడిగేవాడు టోర్కిల్.

"ఆశలు పెట్టుకోకు," అనేది ఆవిడ, కాఫీ పోసుకుంటూ.

టోర్కిల్ అక్కడి వర్క్‌షాపు పెద్ద. అరవై దాటాడు, పొట్ట వచ్చింది, నవ్వితే గడ్డమంతా కదుల్తుంది. కేకంటే చెవి కోసుకుంటాడు. లోహాన్ని కోయడంలో అతని చెయ్యి అంత నిలకడైన చెయ్యి ఇంకోటి లేదు. కాఫీ గదిలో జగ్గు కింద అరచేతి వెడల్పు లోహపు పలక ఒకటుంటుంది, నిండా కాఫీ మరకలు. కొత్తగా వచ్చినవాళ్ళకి దాన్ని చూపించి, "నా పరిశోధన. జగ్గు కిందకి భేషుగ్గా పనికొచ్చింది," అని తనే ముందు నవ్వేవాడు. అతను ఒకప్పుడు పరిశోధకుడేనని, ఆ పలక అతను తయారుచేసిందేనని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ పట్టించుకోరు. తనే నవ్వుతుంటే మనకెందుకులే అనుకుంటారు, లోకం తీరే అంత.

ఇంతకీ సోల్వై చేసే పని ఏమిటంటే, టైటానియం లోపల వెంట్రుకంత సన్నటి పోగులు పెట్టడం. పోగులన్నీ ఒకే వైపుకి, చీపురుకట్టలో పుల్లల్లా పక్కపక్కనే ఉంటాయి. వేడి ప్రెస్సులో పెట్టి నొక్కితే లోహం వాటి చుట్టూ పాకి, మొత్తం ఒకే పలకైపోతుంది. ఆ పలకని పోగుల వెంబడి లాగితే లారీకి కట్టినా తెగదు. చిక్కంతా అడ్డంగా లాగినప్పుడే. అడ్డంగా లాగితే పోగు తెగదు, అసలు దాని బలంతోనే పని లేదు. పోగుకీ లోహానికీ మధ్య ఉన్న అతుకు ఊడుతుంది. ఒకటి ఊడితే పక్కది ఊడుతుంది, ఇక పలక పలకంతా బొక్కలు పడ్డ రేకు కింద లెక్క. ఆ అతుకు ఊడకుండా పోగు మీద పూసే ఒక పూత కనిపెట్టింది సోల్వై. పదకొండేళ్ళ చాకిరీ అంతా ఆ పూత కోసమే.

విమానం ఇంజన్లు చేసేవాళ్ళు ఆ లోహంతో ఒక రింగు చేసుకుంటామన్నారు. కాకపోతే అడ్డంగా ఇంత లాగుడుకి తట్టుకోవాలని ఒక గీత గీసిచ్చారు. సోల్వై పలకల్లోంచి రెండు పట్టీలు కోయించి, లాగి చూపించింది. రెండూ ఆ గీతకి సగం దూరంలోనే చిటపటలాడటం మొదలుపెట్టి, గీత అందకుండానే తెగి కూర్చున్నాయి.

"ఇంకొక్కటి చూస్తామన్నారు," అంది మెరేటె, ల్యాబ్ అధిపతి. మాట తక్కువ మనిషి, ఉన్నమాట మొహం మీదే చెబుతుంది. "వచ్చే శుక్రవారం. అదీ తెగితే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం సోల్వై. నాకూ ఇష్టం లేదు, కానీ ఎన్నాళ్ళని లాగుతాం?"

"పలక ఒక్కటే మిగిలింది," అంది సోల్వై.

"అయితే జాగ్రత్తగా కోయించు."

జాగ్రత్త ఎవరికి చెబుతోంది? ఆ భవనంలో జాగ్రత్తకి పేరు పెడితే సోల్వై అనే పెట్టాలి. పోగులు లోహం లోపల దాక్కుని ఉంటాయి కదా, పైనుంచి చూస్తే అటో ఇటో తెలియదు. అందుకని ప్రెస్సులోంచి తీసిన వెంటనే పోగులు ఎటున్నాయో పలక మీద బాణం గుర్తు వేస్తారు. ఒకప్పుడు మేకుతో గీసేవాళ్ళు. సోల్వై వచ్చాక అది మాన్పించింది. లోహం మీద గీత పడితే పగులు అక్కడే మొదలవుతుంది, బాణాలన్నీ పెన్నుతోనే వేయాలని గోడ మీద నిబంధన అంటించింది. "పెన్ను గుర్తు చెరిగిపోతే?" అని అప్పట్లో టోర్కిల్ అడిగాడు. "చెరపకుండా ఉండాలి," అని సమాధానం వచ్చింది.

సోమవారం పొద్దున సోల్వై ఆ ఆఖరి పలకని వర్క్‌షాపులో ఇచ్చి వచ్చింది. మధ్యాహ్నం టోర్కిల్ ఫోను చేశాడు. మామూలుగా అయితే ఫోనులోనే ఏదో ఒకటి అని ఏడిపిస్తాడు. ఆ రోజు, "ఒకసారి కిందకి రా," అని పెట్టేశాడు.

ఆవిడ వెళ్ళేసరికి కోసిన పట్టీ భూతద్దం కింద ఉంది.

"పక్క అంచు చూడు," అన్నాడు.

చూసింది. పట్టీని పోగులకి అడ్డంగా కోస్తే పొడుగు అంచు పొడవునా పోగుల చివరలు చుక్కలు చుక్కలుగా కనపడాలి. చుక్కల్లేవు. పొడుగాటి గీతలున్నాయి. పట్టీని పోగుల వెంబడే కోశారు. అడ్డంగా లాగాల్సిన పట్టీ కాస్తా నిలువుగా లాగే పట్టీ అయింది. మిగిలిన ముక్కలు చూస్తే గోరంత, చెంచాడంత.

"పలక తిప్పి పెట్టావా?" అంది. గొంతు ఆవిడ అనుకున్నదానికన్నా పెద్దగానే వచ్చింది. "పదేళ్ళుగా కోస్తున్నావు, బాణం ఎటుందో చూసుకోలేవా టోర్కిల్? ఇది ఆఖరిదని నీకు చెప్పానా లేదా?"

టోర్కిల్ మిగిలిన ముక్కల్లోంచి బాణం ఉన్న ముక్క తీసి ఆవిడ ముందు పెట్టాడు. బాణం ప్రకారమే కోశాడు, వెంట్రుకవాసి తేడా లేదు. బాణం మాత్రం ఆకుపచ్చ రంగులో ఉంది.

వర్క్‌షాపులో నల్ల పెన్నులు తప్ప ఉండవు. ఆకుపచ్చ పెన్ను ఆ భవనం మొత్తానికి ఒక్కటే, అది సోల్వై కోటు జేబులో ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఇంజన్లవాళ్ళకి పంపడానికి పలక ఫోటో తీసింది. ఫోటోలో వేలిముద్రలు పడతాయని గుడ్డకి స్పిరిట్ అద్ది అద్దంలా తుడిచింది. వేలిముద్రలతో పాటు బాణమూ పోయింది. పోతే పోయింది, నాకు తెలియదా ఎటున్నాయో అని జేబులోంచి పెన్ను తీసి మళ్ళీ గీసింది. మధ్యలో పలకని చేతిలో ఎన్నిసార్లు తిప్పిందో ఏమో! మురికి చేతులవాడెవడూ చేయలేని తప్పు అది. శుభ్రం మరీ ఎక్కువైనవాళ్ళకే సాధ్యం.

"నేనే," అంది. పెన్ను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, "నిన్ను అనవసరంగా అన్నాను," అంది.

"అంటే అన్నావులే." టోర్కిల్ గడ్డం గోక్కున్నాడు. "కొబ్బరి కాస్త ఎక్కువ వెయ్యి. కేకులో కొబ్బరి పిసినారితనంగా వేస్తే నాకు గొంతు దిగదు."

ఎప్పుడైనా అయితే ఆవిడకి ఒళ్ళు మండేది. ఆ రోజు మండలేదు, ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవడం ఇష్టం లేక గబగబా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

మంగళవారమంతా గది తలుపు వేసుకుని కూర్చుంది. ఎలాగూ ఆపేసే పనే కదా, ఎందుకు ఆగిపోయిందో చివరి రిపోర్టు తనే రాసి ఇద్దామనుకుంది. దానికోసం ముందు తెగిన రెండు పట్టీల్నీ మైక్రోస్కోపు కింద పెట్టింది. ఇదివరకు చూడలేదా అంటే చూసింది. తెగిన చోట మధ్యలో చూసింది. అందరూ అక్కడే చూస్తారు, ఎక్కడ తెగిందో అక్కడే కదా సంగతి ఉంటుందని. ఈసారి తొందర లేదు, ఆశా లేదు. ఒక అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా రెండో అంచు దాకా పోయింది.

అంచు దగ్గర పోగులన్నీ వదులుగా ఉన్నాయి. ప్రతి పోగు చుట్టూ నల్లటి సందు, పన్ను కదిలినప్పుడు చిగురు దగ్గర ఖాళీ పడ్డట్టు. లోపలికి పోయేకొద్దీ ఆ సందు సన్నబడింది. నడిమధ్యలో చాలా పోగుల్ని లోహం ఇంకా పట్టుకునే ఉంది. అక్కడ ఊడింది అతుకు కాదు, చుట్టూ అన్నీ పోయాక భారం మోయలేక లోహమే చిరిగింది.

సోల్వై రెండో పట్టీ కూడా చూసింది. అదే వరస.

ఆవిడ లేచి నిలబడి, మళ్ళీ కూర్చుంది. ప్రెస్సులోంచి తీసి చల్లార్చినప్పుడు లోహం పోగు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, ముడుచుకుని పోగుని చుట్టూ బిగించి పట్టుకుంటుంది. ఆ పట్టు వల్లే అతుకు నిలుస్తుంది. కానీ పలకని కోసినప్పుడు అంచులో పోగు చివర బయటికి తేలుతుంది. అక్కడ బిగించేందుకు లోహం ఎక్కడుంది? బిగించడం పోయి, లోహం పోగు నుంచి ఎడంగా జరుగుతుంది. లాగకముందే అక్కడ అతుకు సగం ఊడినట్టే. లాగగానే ఆ అంచులో మొదలై లోపలికి పాకుతుంది. ఇంజన్ రింగులో అసలు అంచే ఉండదు. పోగులు గుండ్రంగా తిరిగి లోహం లోపలే ఉంటాయి, ఒక్క చివర కూడా బయటికి తొంగిచూడదు.

"ఓరి దేవుడా," అంది సోల్వై, గదిలో ఎవరూ లేకపోయినా పైకే. "మేం లాగింది లోహాన్ని కాదు. మా కోతని!"

బుధవారం భోజనాల వేళకి టోర్కిల్ రై రొట్టె మీద ఉప్పుచేప పెట్టుకుని నోటి దగ్గరికి తెచ్చాడో లేదో, ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ తప్పుడు పట్టీలోంచి చదరంగా చిన్న ముక్క కోయగలవా?"

"కోస్తాను. పట్టుకుని లాగడానికి దానికి చెవులేవి?"

"చెవులు పెడదాం. మామూలు టైటానియం రేకులో ప్లస్ గుర్తు ఆకారం కోసి, మధ్యలో కిటికీ తెరువు. ఆ కిటికీలో ఈ ముక్క కూర్చోబెడదాం. కిందా పైనా పల్చటి రేకు వేసి మళ్ళీ ప్రెస్సులో నొక్కుదాం. నాలుగు వైపులా లోహమే, పోగు చివర ఒక్కటి బయటికి కనపడకూడదు."

టోర్కిల్ రొట్టె కింద పెట్టాడు. ఆవిడ చెప్పింది మొత్తం విన్నాడు, అంచు గురించి, సందుల గురించి. విన్నకొద్దీ అతని మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. ఏదో అడగబోయి ఆగాడు.

"ఏమిటి?" అంది.

"ఏం లేదులే. ప్రెస్సు ఇవాళ సాయంత్రమే వేడెక్కించాలి, లేకపోతే శుక్రవారానికి అందదు," అని లేచిపోయాడు.

మెరేటె అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "సోల్వై, నేను అడిగేది సూటిగానే అడుగుతాను. రెండుసార్లు ఓడిపోయాం కాబట్టి గెలిచేదాకా పరీక్ష మారుస్తున్నామని వాళ్ళంటే ఏం చెబుతావు?"

సోల్వై నీళ్ళు నమల్లేదు. "రింగులో లేని అంచుని ఇన్నాళ్ళూ మనం పరీక్షించామని చెబుతాను. ఫోటోలున్నాయి, పంపిస్తాను. ఇదీ గీత దాకా రాలేదనుకో, ఆపేయమని నేనే రాసిస్తాను. నిన్ను ఒక్క మాట కూడా అడగను."

"అదనంగా వేసిన రేకు కొంత బరువు మోస్తుంది కదా?"

"అది మోసేదంతా లెక్కగట్టి, గీతని అంత పైకి జరిపాను. మన పని ఇంకా కష్టమైంది, తేలిక కాలేదు."

మెరేటె ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, "సరే, కానివ్వు," అంది.

శుక్రవారం పొద్దున లాగే మెషీన్ దగ్గర నిలబడడానికి చోటు లేదు. పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కాఫీ కప్పులతో వచ్చి నిలబడ్డారు. గోడ మీది తెరలో ఇంజన్లవాళ్ళ మొహాలు నాలుగున్నాయి. ప్లస్ ఆకారపు ముక్కని మెషీన్ రెండు దవడల మధ్య బిగించారు. దానికి చెవి లాంటి పరికరం ఒకటి అంటించి స్పీకరుకి కలిపారు. లోపల ఒక్క పోగు ఊడినా చిటుక్కుమని వినపడుతుంది.

"మొదలుపెట్టు," అంది మెరేటె.

టోర్కిల్ మీట నొక్కాడు. తెర మీద పచ్చటి రేఖ పైకి పాకడం మొదలుపెట్టింది. ఇంకా పైన ఎర్ర గీత ఉంది, ఇంజన్లవాళ్ళ గీత. సోల్వై దాన్ని చూడలేదు. స్పీకరునే చూస్తూ నిలబడింది, అదేదో నోరు తెరిచి తనని తిట్టబోతున్నట్టు.

రేఖ సగానికి వచ్చింది. ముందటి రెండు పట్టీలూ చిటపటలాడింది ఇక్కడే. స్పీకరులో సన్నటి గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఎవరో దగ్గారు, అందరూ అతని వైపు గుడ్లురిమి చూశారు. పాపం అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రేఖ ముప్పావు దాటింది. సోల్వై ఎప్పుడు పట్టుకుందో తెలియదు గానీ టోర్కిల్ చొక్కా చెయ్యి ఆవిడ పిడికిట్లో ఉంది.

రేఖ ఎర్ర గీతని తాకింది. దాటింది. స్పీకరు ఇంకా మౌనంగానే ఉంది.

"దాటింది కదూ?" అని తెరలోంచి ఒకతను అడిగాడు, తన కళ్ళని తనే నమ్మనట్టు.

"దాటింది," అంది మెరేటె.

ఆ తరవాత చాలా పైకి పోయాక అప్పుడు పడింది మొదటి చిటుకు. వెనకే ఇంకోటి. ఆ పైన రేకుల కప్పు మీద వాన పడ్డట్టు చిటపటలు. ఎంత పడితే ఏం, ఎవడికి లెక్క! గదిలో అరుపులకి వినపడితే కదా. మెరేటె, ఎప్పుడూ చెయ్యి కలపడం తప్ప ఎరగని మెరేటె, సోల్వైని గట్టిగా కౌగిలించుకుంది. సోల్వై నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకి. పదకొండేళ్ళ పని బతికింది. హాయిగా ఉంది, అంతే, హాయిగా ఉంది.

సోమవారం పొద్దున సోల్వై రెండు చేతులా పెద్ద పళ్ళెం పట్టుకుని కాఫీ గదిలోకి వచ్చింది. పాకంలో ఉడికించిన కొబ్బరి దట్టంగా పరిచిన కేకు. దాని మీద చాక్లెట్‌తో బాణం గుర్తు. గది గొల్లుమంది.

"ఎవరూ తుడవకండి బాబూ!" అని ఎవరో అరిచారు.

"ఆగండాగండి," అంది మెరేటె. "ఈ కేకు చెల్లుతుందా? ఆ తప్పే లేకపోతే మనం మళ్ళీ పట్టీయే లాగేవాళ్ళం, మళ్ళీ ఓడేవాళ్ళం. మంచి చేసిన తప్పుకి కేకు లేదంటాను నేను."

"చెల్లదంటే మాత్రం ఊరుకోను," అన్నాడు టోర్కిల్. అప్పటికే చేతిలో ఫోర్కు ఉంది.

"కోత తప్పుకి కాదు ఈ కేకు," అంది సోల్వై.

ఆవిడ గొంతు విని అందరూ సర్దుకున్నారు. ఆవిడ మొదటి ముక్క కోసి పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి టోర్కిల్ ముందు పెట్టింది.

"నేను ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో పోగులు పెట్టిన నీ పలకని అడ్డంగా లాగింది నేనే. పట్టీలు కోయించి లాగాను. సగంలోనే తెగాయి. పనికిరాదని రాసి సంతకం పెట్టింది నేనే. నీ పని ఆపేశారు, నువ్వు వర్క్‌షాపులోకి వెళ్ళిపోయావు. ఆ పట్టీలకి కూడా రెండు పక్కలా అంచులున్నాయి టోర్కిల్. నేను లాగింది నీ లోహాన్ని కాదు. బుధవారం నువ్వు అడగబోయి ఆగింది ఇదే కదూ?"

టోర్కిల్ ఫోర్కు కింద పెట్టాడు. గడ్డం కదలడం లేదు.

సోల్వై కాఫీ జగ్గు ఎత్తి పక్కన పెట్టింది. దాని కింది పలక తీసి చేత్తో పట్టుకుంది. "అప్పుడు కోయగా మిగిలింది ఇదే. ఒక చదరపు ముక్క వస్తుంది. ప్రెస్సు ఖాళీగానే ఉంది. కానీ ఇన్నేళ్ళయింది, బాణం ఎప్పుడో పోయుంటుంది. పోగులు ఎటున్నాయో ఎలా..."

"ఇలా ఇవ్వు," అన్నాడు టోర్కిల్.

పలక అందుకుని వెనక్కి తిప్పాడు. బొటనవేలితో కాఫీ మరక గట్టిగా రుద్దాడు. మరక కింద, ఒక మూలన, లోహంలోకి లోతుగా గీసిన బాణం బయటపడింది.

"మేకుతో గీశాను," అన్నాడు. "నీ నిబంధన రాకముందు. ఎప్పుడైనా ఎవరికైనా కావాల్సి వస్తుందేమోనని."

"మూలనే గీశావు," అంది సోల్వై. "మూల కోసి పారేస్తాం. ఏమీ కాదు."

అతను లేచి పలకని పంపు కింద పెట్టి కడగడం మొదలుపెట్టాడు. మెరేటె వెళ్ళి సబ్బు అందించింది. ఆ పూట కాఫీ జగ్గు కింద పాత పేపరు మడిచి పెట్టారు. బల్ల మీద కొబ్బరి కేకు ముక్క అలాగే ఉండిపోయింది. టోర్కిల్ ముందు కేకు మిగలడం ఆ గదిలో అదే మొదటిసారి.